ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్: బ్యాకప్ సంగతి సరే, తిరిగి ఎలా వస్తోంది?

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉందని ఎవరిని అడిగినా ముందు స్పీడు చెబుతారు. గంటకి ఇన్ని జీబీ లాగింది, ఇంత నెట్‌వర్క్ వాడుకుంది అని. మా ఆఫీసులో రాత్రి పదిన్నరకి మొదలయ్యే బ్యాకప్ పన్నెండుకి ముగిసినా, తెల్లవారుజామున మూడుకి ముగిసినా పట్టించుకునే నాథుడు లేడు. పొద్దున ఫోన్ చేసి "అమ్మా, నిన్నటి ఫైలు కనపడటం లేదు" అన్నాక మాత్రం ప్రతివాళ్లూ గడియారం చూస్తారు. అందుకని సర్వర్లకి బ్యాకప్ తీసి దాచే ఈ ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ని నేను చూసేది ఆ వైపు నుంచే. ఇచ్చింది తిరిగి ఇస్తోందా, ఎంతసేపట్లో ఇస్తోంది, అందుకు మన దగ్గర ఏం అడుగుతోంది?

మాది గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే సంస్థ. యార్డు దగ్గర ఆఫీసు, ఊరి బయట కోల్డ్ స్టోరేజీ, హైదరాబాద్‌లో చిన్న బ్రాంచి. ఐటీ విభాగం అంటే నేను, నాకు సాయంగా ఒక కుర్రాడు. సర్వర్ గదిలో రెండు హోస్టులు, అంటే ఒక్కోదాని మీద చాలా వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే అసలు మెషీన్లు. వాటి మీద టాలీ నడిచే విండోస్ సర్వర్, కాటా సాఫ్ట్‌వేరూ దాని వెనకున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, ఎగుమతి కాగితాల ఫైల్ సర్వర్, డొమైన్ కంట్రోలర్. వీటన్నిటికంటే నాకు భయం లాట్ రిజిస్టర్ అంటే. ఏ రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ ఛాంబర్‌లో ఏ లాటు కింద ఉన్నాయో ఒక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటుంది. అది పోయిందంటే సరుకంతా లోపలే భద్రంగా ఉన్నా ఎవరిదని చెప్పలేం. తేజ ఎవరిది, తాలు ఎవరిది అని ఛాంబర్ తలుపు దగ్గర పంచాయితీ పెట్టుకోవాల్సిందే.

ముందు వాడిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అనవసరం. దానికి వీఎంకి ఇంత అని లైసెన్సు. కొత్త వీఎం పెట్టాలంటే ముందు కొటేషన్, తర్వాత డైరెక్టర్ గారి సంతకం, ఆ తర్వాత పని. అలా సంతకం కోసం ఎదురుచూస్తూ టెస్టు సర్వర్లు ఏ బ్యాకప్పూ లేకుండా నడిచేవి. వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్‌ని ప్రాక్స్‌మాక్స్ వీఈకి మార్చినప్పుడు బ్యాకప్ కూడా వాళ్లదే పెట్టుకున్నాం.

తయారీ వియన్నాలో. ప్రాక్స్‌మాక్స్ సర్వర్ సొల్యూషన్స్ అనే ఆస్ట్రియా కంపెనీది. బ్యాకప్ సర్వర్ మొదటి స్థిరమైన వెర్షన్ 2020 నవంబర్‌లో వచ్చింది. రస్ట్ భాషలో రాశారు, ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద సోర్స్ కోడ్ అంతా బయటే ఉంటుంది. డెబియన్ లైనక్స్ మీద కూర్చుంటుంది. ఐఎస్‌ఓ ఫైలు పెన్ డ్రైవ్‌లో వేసి బూట్ చేస్తే కాఫీ తాగొచ్చేలోపు ఇన్‌స్టాల్ అవుతుంది. బ్రౌజర్‌లో 8007 పోర్టు కొడితే స్క్రీన్ వస్తుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. కష్టమంతా డిస్కుల దగ్గర మొదలవుతుంది. దానికి ముందు ఇది లోపల ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత రాసేది అర్థం కాదు.

వీఎం డిస్కుని ఇది 4 ఎంఐబీ (సుమారు 4 ఎంబీ) ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కని చంక్ అంటారు. ప్రతి చంక్‌కీ దాని వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కట్టి, ఆ వచ్చిన అంకెనే పేరుగా పెట్టి డేటాస్టోర్‌లో, అంటే బ్యాకప్‌లు ఉండే చోట, దాస్తుంది. అదే పేరుతో చంక్ ముందే ఉంటే మళ్లీ రాయదు. ఏ రోజు బ్యాకప్‌కి ఏ చంక్‌లు కావాలో ఒక ఇండెక్స్ ఫైలులో వరసగా రాసి పెట్టుకుంటుంది. మా కోల్డ్ స్టోరేజీ లెక్కలో చెప్పాలంటే ఇండెక్స్ అనేది చీటీ, చంక్ అనేది టిక్కీ. పది చీటీల మీద ఒకే టిక్కీ నంబర్ ఉండొచ్చు, లోపల ఉండేది మాత్రం ఒక్కటే టిక్కీ. మా విండోస్ సర్వర్లన్నీ ఒకే మూసలోవి కాబట్టి సిస్టమ్ ఫైళ్లు చాలా వరకు కలిసిపోయాయి. రోజూ బ్యాకప్ తీస్తున్నా డిస్కు మీద పెరిగేది ఆ రోజు మారిన మేరకే. పాత పద్ధతిలో ఆదివారం ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్ అని గొలుసు ఉండేది. మధ్యలో ఒక లింకు తెగితే తర్వాతవన్నీ దండగ. ఇక్కడ ఆ గొలుసు లేదు. ప్రతి స్నాప్‌షాటూ (ఒకసారి తీసిన బ్యాకప్) దానికదే పూర్తి బ్యాకప్. ఏ రోజుది తీసేసినా పక్క రోజుది చెక్కుచెదరదు.

ఇక రీస్టోర్.

మా దగ్గర ఎక్కువగా వచ్చే కేసు టాలీ. అకౌంట్స్ పెద్దాయన ఈ సంస్థలో నాకంటే చాలా సీనియర్, కంప్యూటర్లు రాకముందు చేతి చిట్టా రాసిన మనిషి. ఒకరోజు పొద్దున కరెంటు పోయి, ఆయన గదిలో యూపీఎస్ చేతులెత్తేసి, టాలీ తెరిస్తే కంపెనీ డేటా ఎర్రర్ చూపించింది.

"అమ్మా, నిన్న సాయంత్రం మూసినప్పుడు ఎలా ఉందో అలా కావాలి. పొద్దున వేసినవి నాలుగు వోచర్లే, మళ్లీ కొట్టుకుంటాను."

"అలాగే సార్, లైన్‌లోనే ఉండండి."

ఆ మాట ధైర్యంగా అనగలగడం కోసమే నేను ఈ సాఫ్ట్‌వేర్‌ని మెచ్చుకుంటున్నాను. ప్రాక్స్‌మాక్స్ వీఈ స్క్రీన్‌లో ఆ వీఎం బ్యాకప్‌ల జాబితా తెరిచి, నిన్న రాత్రిది ఎంచుకుని, 'ఫైల్ రీస్టోర్' నొక్కాను. వెనకాల ఒక బుల్లి వీఎం లేచి, బ్యాకప్‌లోని డిస్కుని చదవడానికి మాత్రమే తెరిచి, లోపలి పార్టిషన్లు చూపిస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా, లైనక్స్ వాడే ఎల్‌వీఎం అయినా తెరుస్తుంది. ఫోల్డర్లు విప్పుకుంటూ టాలీ డేటా దాకా వెళ్లి, ఆ కంపెనీ నంబర్ ఫోల్డర్ మీద క్లిక్ చేసి 'డౌన్‌లోడ్' అంటే జిప్ ఫైలు దిగింది. మొత్తం వీఎంని వెనక్కి తేనక్కర్లేదు, రెండో చోట రీస్టోర్ చేసి కాపీ కొట్టనక్కర్లేదు. జిప్ విప్పి, పాడైన ఫోల్డర్‌ని తుడిచెయ్యకుండా పేరు మార్చి పక్కన పెట్టి, దాని చోట ఇది పెట్టాను. పెద్దాయన ఫోన్ పెట్టకుండానే టాలీ తెరిచి నిల్వలు చూసుకుని "ఆఁ, కలిసింది" అన్నారు. మా ఆఫీసులో ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

ఒక్క మాట. ఆ బుల్లి వీఎం లేచేది బ్యాకప్ సర్వర్‌లో కాదు, హోస్టు మీద. హోస్టులో మెమరీ పీకల దాకా వాడేసి ఉంటే అది కూడా ఇబ్బంది పడుతుంది. రెండు మూడు జీబీ ఖాళీగా వదలండి.

రెండోది లైవ్ రీస్టోర్. వీఎం మొత్తం పోయినప్పుడు వాడేది. మామూలుగా అయితే డిస్కు మొత్తం వెనక్కి వచ్చాకే వీఎం ఆన్ చేస్తాం. లైవ్ రీస్టోర్‌లో వీఎం వెంటనే లేస్తుంది. దానికి అప్పటికప్పుడు ఏ బ్లాకు కావాలంటే అది బ్యాకప్ సర్వర్ నుంచి ముందు తెచ్చిస్తుంది, మిగిలింది వెనకాల నింపుకుంటూ పోతుంది. ఫిబ్రవరి, మార్చిలో కాటా దగ్గర లారీలు బారు కట్టి ఉంటాయి. కాటా సర్వర్ ఆగితే డ్రైవర్ల హారన్ నా కుర్చీ దాకా వినిపిస్తుంది. హోస్టు డిస్కు పోయి కాటా వీఎంని రెండో హోస్టు మీదకి ఇలా లేపాల్సి వచ్చింది. కాటా స్క్రీన్ కాస్త నత్తనడక నడిచింది గానీ లారీలు కదిలాయి. ఆ మాత్రమైనా ఎందుకు నడిచిందంటే మా బ్యాకప్ సర్వర్‌లో ఉన్నవి ఎస్‌ఎస్‌డీలు. ఆ సంగతి కిందకి వస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, వాళ్లు డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరించారు. లైవ్ రీస్టోర్ సాగుతుండగా మధ్యలో నెట్‌వర్క్ తెగినా, బ్యాకప్ సర్వర్ ఆగినా, లేచినప్పటి నుంచి వీఎంలో కొత్తగా రాసినదంతా పోతుంది. అందుకే కాటా దగ్గర గుమస్తాకి చెప్పి, రీస్టోర్ పూర్తయ్యేదాకా తూకం స్లిప్పుల కార్బన్ కాపీలు పారెయ్యకుండా ఉంచమన్నాను. లాట్ రిజిస్టర్‌కి మాత్రం నేను లైవ్ రీస్టోర్ వాడను. అక్కడ అరగంట ఆగినా కొంపలు మునగవు, ఒక ఎంట్రీ పోతే మునుగుతాయి. కంటైనర్లకి (వీఎంల కంటే తేలికైన చిన్న లైనక్స్ సర్వర్లకి) ఈ సదుపాయం ఎలాగూ లేదు, వీఎంలకి మాత్రమే.

ఇప్పుడు డిస్కులు. ఈ సాఫ్ట్‌వేర్ మీద బయట వినపడే తిట్లలో ఎక్కువ భాగం నిజానికి డిస్కులకి తగలాల్సినవి.

4 ఎంఐబీ ముక్కలు అన్నాను కదా. ఒక టీబీ డేటా అంటే రెండున్నర లక్షలకి పైగా ఫైళ్లు. అవన్నీ 65,536 సబ్ ఫోల్డర్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. మామూలు హార్డ్ డిస్కు వరసగా చదివేటప్పుడు గుర్రం, ఇలా గెంతుతూ చదవమంటే చతికిలపడుతుంది. బ్యాకప్ రాసేటప్పుడు పెద్దగా తెలియదు. దాచింది సరిగ్గా ఉందో వెరిఫై చేసేటప్పుడు, రీస్టోర్ చేసేటప్పుడు, అక్కర్లేని చంక్‌లని ఏరిపారేసే గార్బేజ్ కలెక్షన్ నడిచేటప్పుడు తెలుస్తుంది. ప్రాక్స్‌మాక్స్ వాళ్లు డేటాస్టోర్‌కి ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలే వాడమంటారు. హార్డ్ డిస్కులే గతి అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టి, మెటాడేటా (ఏ ఫైలు ఎక్కడుందన్న వివరాలు) కోసం చిన్న ఎస్‌ఎస్‌డీల జతని స్పెషల్ డివైస్‌గా తగిలించమంటారు. మెమరీ కూడా ఓఎస్‌కి 4 జీబీ, ఆపైన ప్రతి టీబీకి కనీసం ఒక జీబీ చొప్పున లెక్క వేసుకోమంటారు.

మా డీలర్ మాత్రం "మేడమ్, బ్యాకప్‌కి ఎస్‌ఎస్‌డీ ఏంటి, డబ్బు దండగ, ఈ నాలుగు డిస్కులు వేసుకోండి, పడుంటాయి" అని పంపించాడు. బిల్లు మీద కెపాసిటీ రాసుంది, రకం లేదు. మోడల్ నంబర్ వెతికితే అవి ఎస్‌ఎంఆర్ డిస్కులు, అంటే ట్రాకులు ఒకదాని మీద ఒకటి కప్పినట్టు రాసేవి. జెడ్‌ఎఫ్‌ఎస్ కింద డిస్కు మార్చి రీబిల్డ్ చేయాల్సి వస్తే ఇవి ప్రాణం తీస్తాయి. పెట్టెలు విప్పకుండా వెనక్కి పంపాను. డీలర్‌కి ఇప్పటికీ నా మీద కోపమే. ఆ తర్వాత పాత టవర్ సర్వర్ ఒకటి తీసి, వాడి తీసిన ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు, ఇంకా ఆయుష్షు బాగా మిగిలినవి చూసి కొని, జతలో రెండిటి మీదా ఒకే డేటా ఉండేలా అద్దం కట్టాం. కొత్తవాటి ధరలో మూడో వంతుకి పని అయింది. నాస్ బాక్స్ (నెట్‌వర్క్ మీద ఉండే డిస్కుల పెట్టె) ఉంది కదా, దాన్ని నెట్‌వర్క్ మీదుగా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో తగిలించి డేటాస్టోర్‌గా వాడదామా అని మా కుర్రాడు అడిగాడు. వద్దన్నాను. పని చేస్తుంది, కానీ లక్షల చిన్న ఫైళ్లని నెట్‌వర్క్ అవతల ఒక్కొక్కటీ తడిమి చూడాలంటే రాత్రి చాలదు.

కొత్తగా పెట్టుకున్నవాళ్లు కంగారు పడేది ఇంకొకటి: పాత బ్యాకప్‌లు డిలీట్ చేసినా డిస్కు ఖాళీ అవ్వదు. ఇది లోపం కాదు, డిజైనే అంత. పాత బ్యాకప్‌లు తీసేసే ప్రూన్ అంటే చీటీ చింపడం మాత్రమే. టిక్కీ అలాగే ఉంటుంది, దాని నంబర్ ఇంకో చీటీ మీద ఉండొచ్చు కాబట్టి. గార్బేజ్ కలెక్షన్ మొదలైతే ముందు ఉన్న ఇండెక్స్‌లన్నీ చదివి, వాటిలో ఉన్న ప్రతి చంక్‌నీ ఒకసారి ముట్టుకుని 'చివరిసారి చూసిన సమయం' మారుస్తుంది. తర్వాత రెండో దశలో, మామూలు సెట్టింగులో అయితే, 24 గంటల 5 నిమిషాలుగా ఎవరూ ముట్టుకోని చంక్‌లనే తీసేస్తుంది. ఈ వింత అంకె ఎందుకంటే, లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లు మామూలుగా ఆ సమయాన్ని రోజుకి ఒకసారికి మించి మార్చవు. ఆ రోజుకి ఇంకో ఐదు నిమిషాలు కలిపి పెట్టారు. కాబట్టి ఆ సెట్టింగులో ఇవాళ డిలీట్ చేసి ఇవాళే చోటు కావాలంటే కుదరదు, రేపటి దాకా ఆగాలి. డిస్కు 95 శాతం నిండాక మేలుకునేవాళ్లకి ఇది నరకం. నేను 75 దగ్గరే మెయిల్ వచ్చేలా వేరే మానిటరింగ్ పెట్టుకున్నాను.

బ్యాకప్ వల్ల నడుస్తున్న వీఎం నెమ్మదిస్తుందా అని కోల్డ్ స్టోరేజీ మేనేజర్ అడిగారు. నెమ్మదించే అవకాశం ఉంది. బ్యాకప్ సాగుతుండగా వీఎం ఏదైనా బ్లాకు మీద కొత్తగా రాయబోతే, అక్కడున్న పాత డేటా ముందు బ్యాకప్‌కి వెళ్లాలి, ఆ తర్వాతే కొత్తది రాయనిస్తుంది. బ్యాకప్ సర్వర్ గానీ దారి గానీ నెమ్మదైతే వీఎం కూడా దాంతోపాటు ఆగుతూ నడుస్తుంది. ప్రాక్స్‌మాక్స్ వీఈ 8.2తో, అంటే 2024లో, ఫ్లీసింగ్ అనే ఏర్పాటు వచ్చింది. పాత బ్లాకుని హోస్టులోనే వేగమైన డిస్కు మీద తాత్కాలికంగా పక్కన పడేసి, వీఎంని పోనిచ్చి, తీరిగ్గా బ్యాకప్‌కి పంపుతుంది. లాట్ రిజిస్టర్ వీఎంకి అది ఆన్ చేశాను. అప్పటి నుంచి మేనేజర్ గారు ఆ ఊసు ఎత్తలేదు.

ఇంకోటి, వీఎం నడుస్తున్నంతసేపూ ఏ బ్లాకులు మారాయో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి రోజువారీ బ్యాకప్ నిమిషాల్లో అవుతుంది. వీఎం ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆ గుర్తు పోతుంది. ఆ రాత్రి డిస్కు మొత్తం చదువుతుంది, పంపేది మాత్రం మారినవాటినే. విండోస్ అప్‌డేట్ల కోసం వీఎంలన్నీ పూర్తిగా ఆపి లేపిన రోజు బ్యాకప్ గంటలు పట్టిందని కంగారు పడకండి.

ఎన్‌క్రిప్షన్ బాగుంది, భయపెడుతుంది కూడా. డేటా హోస్టు దగ్గరే ఏఈఎస్-256తో తాళం పడి బయటికి వస్తుంది. బ్యాకప్ సర్వర్‌ని ఎవరైనా ఎత్తుకుపోయినా అందులో చదవడానికి ఏమీ ఉండదు. తాళంచెవి పోతే మనకీ ఏమీ ఉండదు, వియన్నాకి ఫోన్ చేసినా వాళ్లేం చెయ్యలేరు. అందుకే తాళంచెవి తయారైన వెంటనే దాచుకోమని, కాగితం మీద ప్రింటు తీసుకోమని స్క్రీనే చెబుతుంది. క్యూఆర్ కోడ్‌తో సహా వస్తుంది. మా కాగితం ఒకటి డైరెక్టర్ గారి ఇంటి బీరువాలో, దస్తావేజుల పక్కన ఉంది. ఆయన "ఇదేంటమ్మా, లాటరీ టిక్కెట్టా?" అన్నారు. రెండోది బ్యాంకు లాకర్‌లో. ఆ తాళంచెవి ఫైలుని అదే ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్ సర్వర్‌లో దాచేవాళ్లు ఉన్నారు. నవ్వకండి, నిజంగానే ఉన్నారు.

ఊరవతల కాపీ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మా వైపు ఇది పుస్తకాల్లో సలహాగా మిగల్లేదు కాబట్టి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లూ ఆఫీసులూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నాకు తెలిసిన ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో సర్వర్, దాని బ్యాకప్ డిస్కు ఒకే బల్ల కింద ఉండేవి. రెండూ ఒకేసారి మునిగాయి. పెద్దవాళ్లు చేస్తే బాగుంటుందనుకుంటే అదీ లేదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియా డేజియన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ కాలితే, ఉద్యోగులు వాడే జీ-డ్రైవ్‌లోని 858 టీబీ పోయింది. దానికి బయట బ్యాకప్ లేదు.

ప్రాక్స్‌మాక్స్‌లో దీనికి, ఒక బ్యాకప్ సర్వర్‌లోది ఇంకోదానికి కాపీ చేసే సింక్ జాబ్ ఉంది. మా హైదరాబాద్ బ్రాంచిలో ఇంకో చిన్న బ్యాకప్ సర్వర్ పెట్టాం. అది గుంటూరు నుంచి డేటాని లాక్కుంటుంది. గుంటూరు దానికి పంపదు. ఈ తేడా ముఖ్యం. గుంటూరు సర్వర్‌కి హైదరాబాద్ పాస్‌వర్డ్ తెలియదు. రేపు ఏ రాన్సమ్‌వేరో గుంటూరులో దూరి అన్నిటికీ అడ్మిన్ అయినా, హైదరాబాద్ కాపీని తుడిచే దారి దానికి దొరకదు. హైదరాబాద్‌కి కూడా గుంటూరులో చదివే హక్కు తప్ప ఇంకేం ఇవ్వలేదు. అలాగే హోస్టులు బ్యాకప్ తీసే యూజర్‌కి బ్యాకప్ తీసే హక్కు మాత్రమే ఉంది, పాతవి చెరిపే హక్కు లేదు. చెరిపే పనంతా బ్యాకప్ సర్వరే తన టైమ్‌టేబుల్ ప్రకారం చేసుకుంటుంది. సింక్ పెట్టేటప్పుడు 'రిమూవ్ వానిష్డ్' అని ఒక టిక్ ఉంటుంది. మామూలుగా టిక్ పెట్టి ఉండదు, పెట్టకండి. పెడితే గుంటూరులో చెరిగినవి హైదరాబాద్‌లో కూడా చెరుగుతాయి, అప్పుడు రెండో కాపీ ఉండీ ప్రయోజనం లేదు.

మొదటిసారి మొత్తం డేటా వెళ్లడమే తలనొప్పి. మా ఇంటర్నెట్ లైన్ డౌన్‌లోడ్ గురించి గొప్పగా చెప్పి అప్‌లోడ్ దగ్గర గొణిగే రకం. 2024 నవంబర్‌లో వచ్చిన 3.3 నుంచి తీసి పెట్టుకోగలిగే డేటాస్టోర్లు ఉన్నాయి. యూఎస్‌బీ డిస్కు మీద ఒకటి చేసి, అందులోకి సింక్ చేసి, మా కుర్రాడు దాన్ని బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాడు. ఎన్‌క్రిప్ట్ అయినదే కాబట్టి బ్యాగు పోతుందన్న టెన్షన్ లేదు. అక్కడ దించుకున్నాక రోజూ వెళ్లేది కొంచెమే, ఆ గొణిగే లైనే సరిపోతోంది.

వెరిఫై జాబ్ తప్పకుండా పెట్టండి. దాచిన చంక్‌లన్నిటినీ మళ్లీ చదివి, లెక్క కట్టి, పేరుతో సరిపోతోందో లేదో చూస్తుంది. చెడిపోయిన చంక్ దొరికితే దాన్ని పక్కకి పెట్టి, ఆ స్నాప్‌షాట్ పక్కన ఎర్ర గుర్తు వేస్తుంది. ఫలితం మెయిల్‌లో వస్తుంది. ఆ మెయిల్ నిజంగా వస్తోందో లేదో కూడా చూసుకోండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో పొరపాటున డేటాబేస్ చెరిగినప్పుడు, బ్యాకప్‌లు చాన్నాళ్లుగా ఫెయిల్ అవుతున్నాయని బయటపడింది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు డీమార్క్ (దొంగ మెయిళ్లని ఆపే తనిఖీ) వల్ల తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు. వాళ్లు ఆ వివరాలన్నీ దాచకుండా ప్రకటించారు, అది మెచ్చుకోవాలి. మాకు 'సక్సెస్' మెయిల్ కూడా రోజూ రావాలి. రాకపోతే మా కుర్రాడు అడుగుతాడు. ఫెయిల్ అయినప్పుడు మాత్రమే మెయిల్ అని పెట్టుకుంటే, మెయిల్ సర్వర్ పోయిన రోజు అంతా ప్రశాంతంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

లేనివి కూడా చెప్పాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లకి కంపెనీ వాళ్ల క్లయింట్ లేదు. లైనక్స్ మెషీన్లకి ఉంది, ప్రాక్స్‌మాక్స్ వీఎంలకీ కంటైనర్లకీ ఉంది, అంతటితో సరి. మా సేల్స్ వాళ్ల ల్యాప్‌టాప్‌లలోని ఫైళ్లని వేరే పద్ధతిలో ఫైల్ సర్వర్‌కి లాగి, అక్కడి నుంచి బ్యాకప్ తీస్తున్నాం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక్క టేబుల్, మెయిల్ సర్వర్‌లో ఒక్క మెయిల్ వెనక్కి కావాలంటే దీనిలో బటన్ ఉండదు. వీఎంలో గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తే విండోస్‌లోని వీఎస్‌ఎస్ అనే ఏర్పాటు ద్వారా డిస్కుని ఒక క్షణం నిలకడ చేసి బ్యాకప్ తీస్తుంది, అంతవరకే. నేను రోజూ సాయంత్రం మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తం ఒక ఫైలుగా) కూడా విడిగా తీసి అదే వీఎంలో ఒక ఫోల్డర్‌లో పెడతాను. అది రాత్రి బ్యాకప్‌లో కలిసి వెళ్తుంది. కావాలంటే ఫైల్ రీస్టోర్‌తో ఆ డంప్ ఒక్కటే దించుకుంటాను. 2025 ఆగస్టులో వచ్చిన 4.0లో ఎస్3 క్లౌడ్ స్టోరేజీని డేటాస్టోర్‌గా పెట్టుకునే వీలు ఇచ్చారు, కానీ టెక్నాలజీ ప్రివ్యూ అని పక్కనే రాశారు. ప్రివ్యూ అని రాసినదాని మీద నేను లాట్ రిజిస్టర్ పెట్టను.

డబ్బు సంగతి. సాఫ్ట్‌వేర్ ఉచితం, ఏ ఫీచరూ తాళం వేసి లేదు. సబ్‌స్క్రిప్షన్ కడితే బాగా పరీక్షించిన అప్‌డేట్ల రిపోజిటరీ, సపోర్టు వస్తాయి. లెక్క బ్యాకప్ సర్వర్‌కి ఇంత అని, ఎన్ని వీఎంలు, ఎన్ని టీబీలు అని అడగరు. కట్టకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక డబ్బా లేస్తుంది. దాన్ని మాయం చేసే స్క్రిప్టులు తిరుగుతుంటాయి, రోజూ ప్రాణం పెట్టుకునే సర్వర్ మీద ఊరూ పేరూ లేని స్క్రిప్టు నడపడం కంటే ఓకే నొక్కడం నయం. మేము గుంటూరు సర్వర్‌కి కట్టాం, హైదరాబాద్‌కి కట్టలేదు. సపోర్టు ఆస్ట్రియా పని వేళల ప్రకారం. మనం వాళ్లకంటే మూడున్నర, నాలుగున్నర గంటలు ముందుంటాం కాబట్టి, పొద్దున తొమ్మిదికి ఇక్కడ ఏదైనా ఆగితే వాళ్లు ఇంకా నిద్రలో ఉంటారు. అర్ధరాత్రి మనిషి ఫోన్ ఎత్తాలనుకునే ఆసుపత్రి లాంటి చోట దగ్గర్లో పని తెలిసిన భాగస్వామి కంపెనీని చూసుకోవాలి.

మా ఆడిటర్ గారు మాత్రం ఒకే ప్రశ్న వేశారు. కంపెనీల అకౌంట్ల నియమాలకి 2022 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ పడాలి. ముందు 'అప్పుడప్పుడు' అన్నట్టు ఉండేది. రుజువు చూపించమన్నారు. టాలీ వీఎం స్నాప్‌షాట్ల జాబితా తారీఖులతో సహా స్క్రీన్ మీద చూపించి, వెరిఫై అయిన పచ్చ గుర్తులతో ప్రింటు తీసి ఇచ్చాను. ఫైలులో పెట్టుకున్నారు.

వీమ్ అనే ఇంకో బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చెప్పమని అడిగేవాళ్లు ఉంటారు. వీమ్ చాలా పెద్దది. విండోస్ మెషీన్లు, మెయిల్ సర్వర్లు, డేటాబేస్‌లు, వీఎంలు నడిపే రకరకాల హైపర్‌వైజర్లు కలగాపులగంగా ఉన్న చోట దాని పనితనం వేరు. పది వర్క్‌లోడ్ల (బ్యాకప్ తీసే మెషీన్ల లాంటివి) వరకు కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం కూడా. 2024 ఆగస్టులో వచ్చిన 12.2 నుంచి ప్రాక్స్‌మాక్స్ వీఈని కూడా బ్యాకప్ చేస్తోంది. మీ దగ్గర ఒక్క మెయిల్, ఒక్క టేబుల్ వెనక్కి తెమ్మని రోజూ అడిగేవాళ్లుంటే అటు చూడండి. మా లాగా అంతా ప్రాక్స్‌మాక్స్ మీదే ఉండి, లైనక్స్ కమాండ్ లైన్ అంటే భయపడని మనిషి ఒకరైనా ఉంటే ఇదే సరైనది. ఆ మనిషి లేకుండా, డీలర్ ఇచ్చిన డిస్కులేసి, డీలర్ కుర్రాడే పెట్టి వెళ్లిపోతాడంటే తీసుకోకండి. పెట్టిన ఆర్నెల్లకి డిస్కు నిండుతుంది, గార్బేజ్ కలెక్షన్ షెడ్యూల్ చేసి ఉండదు, అప్పుడు తిట్లు సాఫ్ట్‌వేర్‌కి పడతాయి.

మాకు ఇంకా మిగిలింది టేప్. ఎల్‌టీఓ అనే టేప్ రకంలో ఐదో తరం (ఎల్‌టీఓ-5), ఆ పైన డ్రైవులు దీనికి నేరుగా తగులుతాయి, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు టాలీనీ, లాట్ రిజిస్టర్‌నీ ఒక టేప్ మీదకి తీసి, డ్రైవ్‌లోంచి బయటికి లాగి బీరువాలో పెట్టేస్తే, ఏ హ్యాకరూ నెట్‌వర్క్ మీదుగా దాన్ని ముట్టుకోలేడు. వాడిన ఎల్‌టీఓ-6 డ్రైవ్ ఒకటి చూశాను, కొటేషన్ డైరెక్టర్ గారి బల్ల మీద ఉంది. యార్డు వేసవి సెలవుల్లో సంతకం పెడతానన్నారు.